తడిగుడ్డ బిగించిన ఫ్లాస్కు

కాలేజీ కమిటీ పెద్దలారా, కుళ్ళాయప్ప కన్ను తీసింది మీరే. కాలేజీ జీపు అడిగితే మీ శనక్కాయ విత్తనాలకు తోలుకున్నారు. అందుకే అటెండరు కుళ్ళాయప్ప ద్రవ నైట్రోజన్ ఫ్లాస్కును ఒళ్లో పెట్టుకుని బెంగళూరు నుంచి బస్సులో వచ్చాడు.

ఎందుకు తెచ్చాడో మీకు తెలుసా? ఫిజిక్సు లెక్చరరు దివాకర్ దగ్గర ఆవగింజంత లేజర్ డయోడు ఉండేది. కరెంటు పెంచితే దాని వెలుగు పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. సెకనుకు లక్షలసార్లు అలా ఊపితే ఎందరి ఫోను మాటలో ఆ ఒక్క వెలుగు మీద పోతాయి. అయితే దానికి వేడి పడదు. నైట్రోజన్ చలిలో ముంచితేనే బతుకుతుంది. మరొకటి తెప్పించాలంటే విదేశీ మారకం దొరకదు.

పంపేటప్పుడు దివాకర్ చెప్పింది ఒక్క మాట. "ఒక్క చుక్క పోగొట్టొద్దు."

వాన మొహం చూడక అది రెండో ఏడు. కుళ్ళాయప్ప ఇంట్లో నీళ్ల కడవకు తడిగుడ్డ చుట్టి బిగిస్తారు, ఆవిరి కూడా పోకూడదని. పెనుకొండ దాటాక ఫ్లాస్కు మూతి నుంచి తెల్లగా పొగ లేచింది.

"ఏమప్పా, సంగటి ఉడుకుతాందా దాంట్లో?" అన్నాడు పక్కనున్న గొర్రెల బేరగాడు బసప్ప.

"ఉడుకు కాదన్నా, సలి. ఏలు పెడితే ఊడొస్తాది."

"అంతా గాలికే పోతాంది గదప్పా. మూసుకో."

కుళ్ళాయప్ప తువ్వాలు తడిపి మూతికి కుక్కి, తాడుతో బిగించాడు. గుడ్డ రాయిలా గడ్డకట్టింది. లోపల ఆ చలిలోనే మరిగి ఆవిరవుతున్న నైట్రోజన్‌కు బయటికి దారి లేకపోయింది. ల్యాబు గడప మీద దించుతుంటే పేలి, పెంకు అతని కంట్లో దిగింది.

ఆసుపత్రిలో దివాకర్ తల వంచుకుని నిలబడ్డాడు. "మూత వదులుగా ఉండాలని నేను చెప్పలేదు కుళ్ళాయప్పా."

"సుక్క పోగూడదంటిరి గద సార్. నా సంగతి పోనీలే," అన్నాడు అతను కట్టు కింద నుంచి. "డయోడు బాగుండాదా?"

బాగానే ఉండింది, మీరు వచ్చేదాకా. చల్లబరచకుండానే వెలిగించి చూపమన్నారు. ఆ వెలుగు కంటికి కనబడదని దివాకర్ మొత్తుకున్నా వినలేదు. మీటరు ముల్లు ఒక్కసారి లేచి పడిపోయింది. అంతే, డయోడు చచ్చింది. మోసమన్నారు. ల్యాబుకు తాళం వేశారు. అజాగ్రత్త అని కుళ్ళాయప్పను పనిలోంచి తీసేశారు. మూత సంగతి తాను చెప్పలేదని దివాకర్ మీ ఎదుట ఒప్పుకోలేదు.

ఇప్పుడు కుళ్ళాయప్ప రెండో కన్ను కూడా మసకబారుతోంది. మీరు కదులుతారన్న ఆశ అతనితో పనిచేసిన మాకు లేదు. అయినా అడుగుతున్నాం. ఈ పొద్దే అతన్ని మద్రాసు కంటి ఆసుపత్రికి పంపండి. ఉద్యోగం తిరిగివ్వండి. తప్పు ఎవరిదో దివాకర్ చేత అందరి ముందు చెప్పించండి.