బిరడా మీద మడమ

ప్లంబర్ శవపేటిక అప్పటికే వ్యాన్‌లో ఉంది. సమాధుల తోట గేటు తాళంచెవి మాత్రం చర్చి సెక్రటరీ జేబులో ఉంది. అది బయటికి వచ్చే సూచనలు లేవు.

"రిజిస్టర్లో పేరు లేదమ్మా," అన్నాడాయన, ఎదురుగా కూర్చున్న ప్లంబర్ భార్యతో. "బాప్తిస్మం లేనివాడికి రక్షణ లేదు. రక్షణ లేనివాడికి మన తోటలో చోటు లేదు. మునిసిపాలిటీ శ్మశానం ఉందిగా."

"తోటలో మా అమ్మాయి ఉందండీ. దాని పక్కన పడుకోబెట్టమన్నాడు. అదొక్కటే అడిగి పోయాడు."

సెక్రటరీని సంఘంలో అందరూ వెనకాల 'సంపూర్ణం' అనేవారు. మనిషి సంపూర్ణంగా మునిగితేనే బాప్తిస్మమని ఆయన పట్టుదల. జడ కొస తేలిందని ఒక వంటమనిషిని రెండోసారి ముంచించాడు. మోచెయ్యి తడవలేదని ఒక డ్రైవర్ని మూడు నెలలు ప్రభుభోజనానికి దూరంగా కూర్చోబెట్టాడు. దేవుడు తలవెంట్రుకలన్నీ లెక్కపెడితే, ఈయన తడిసినవి మాత్రమే లెక్కపెట్టేవాడు.

"సిలువ మీద ప్రభువు పక్కన వేలాడి పరలోకం పోయిన దొంగని ఏ తొట్టిలో ముంచారండీ?"

"వాడికి వీలుపడలేదమ్మా. మీ ఆయన పదకొండేళ్ళు తొట్టిలోనే ఉన్నాడు."

అదీ నిజమే. వేదిక ముందున్న బాప్తిస్మం తొట్టికి అడుగున బిరడా ఎప్పుడో అరిగిపోయింది. నీళ్ళు నిలవాలంటే ఎవరో ఒకరు లోపల నిలబడి దాన్ని మడమతో తొక్కిపట్టాలి. పదకొండేళ్ళూ ప్లంబరే తొక్కిపట్టాడు. ఛాతీలోతు నీళ్ళలో ఆయన కదలకుండా నిలబడితే, పక్కనే ఒక్కొక్కరూ మునిగి, రక్షణ పొంది, మెట్లెక్కి పోయేవారు.

"మూడుసార్లు అడిగాడు," అందామె. "నువ్వు మునిగితే బిరడా ఎవరు తొక్కుతారయ్యా, కొత్తది వచ్చాక చూద్దాం అన్నది మీరే."

"ఆలస్యం మాదే అనుకో. నియమం నియమమే."

అంతసేపూ గదిలోనే ఉన్న పాస్టరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఆయనకు దయ లేకపోలేదు. కమిటీ అనుమతి లేకుండా అది బయటికి రాదు, అంతే.

ప్లంబర్ భార్య కుర్చీ ముందుకు జరుపుకుంది. బాప్తిస్మం అంగీలు కుట్టేదీ, మెట్ల దగ్గర తువ్వాళ్ళు అందించేదీ ఆమే.

"ఎనిమిదేళ్ళ కిందట మీరు మునిగిన రోజు తల తుడుచుకోమని తువ్వాలు ఇచ్చాను. మడత విప్పకుండా తిరిగిచ్చారు."

సెక్రటరీ చెయ్యి జేబు మీదికి పోయింది.

"గడ్డం దాకా దిగి, తొట్టి మెట్ల కమ్మీ పట్టుకుని వదల్లేదు మీరు. పాపం, నీళ్ళంటే భయమే, ఎవరితోనూ అనకు అన్నాడు మా ఆయన. ఇన్నాళ్ళూ అనలేదు."

"అబద్ధం. అయ్యగారూ, మీరే ముంచారుగా. చెప్పండి."

పాస్టరు కిటికీ వదిలి ఇటు తిరిగాడు. "జుట్టు తడవలేదు. రిజిస్టర్లో సంపూర్ణమని నేనే రాశాను."

"అయితే మీరూ మునిసిపాలిటీకే," అందామె.

ఎదుటివాళ్ళ నరకం గురించి ఎనిమిదేళ్ళు మాట్లాడిన సెక్రటరీ, తన నరకం గురించి ఇప్పుడే మొదటిసారి విన్నాడు.

"తొట్టి నింపించండి. ఇప్పుడే మునుగుతాను."

"నింపొచ్చు," అన్నాడు పాస్టరు. "నిలవవు. తొక్కిపట్టే మనిషి వ్యాన్‌లో ఉన్నాడు."

బయట వ్యాన్ డ్రైవర్ హారన్ కొట్టాడు.

"హృదయంలో విశ్వాసం ఉంటే చాలని కూడా..." సెక్రటరీ గొంతు సవరించుకున్నాడు. "కొందరు పండితులు అంటారు."

"ఎప్పట్నించండీ?"

తాళంచెవి బల్ల మీదికి వచ్చింది. ఆమె తీసుకుని లేచింది. సెక్రటరీ గుమ్మం దాకా వెంటపడ్డాడు.

"అమ్మా, ఆ తువ్వాలు సంగతి బయట..."

"మా ఆయన వద్దన్నాడుగా. ఆయన మాట ఇవాళ ఒక్కసారే దాటానండీ," అని ఆమె వ్యాన్ ఎక్కింది.