ఆకాశపు తాడుకు ఒక మీటరు

నేను ఒక నల్లని దారాన్ని. మందం మీ తల వెంట్రుకంత, పొడవు, యంత్రంలో బిగించే కొసలు పోను, సరిగ్గా మీటరు. ఇంతమాత్రానికి ఆత్మకథా అని మూతి ముడవకండి. నాలాంటి దారాలను లక్షలుగా పేని, ముప్పై ఆరు వేల కిలోమీటర్లు దాటి పైకి తాడు కట్టి, దాని మీద లిఫ్టు నడిపి మనుషులను అంతరిక్షానికి పంపాలని కొందరి కోరిక. రెండో అంతస్తు లిఫ్టు చెడిపోతే బాగుచేయడానికి మూడు నెలలు పట్టే భవనంలో నేను పుట్టానన్నది వేరే సంగతి.

ఆ భవనం హైదరాబాదు శివారులోని ఒక ప్రయోగశాల. అక్కడి కొలిమిలో, ఏడువందల యాభై డిగ్రీల వేడిలో, ఇనుప రేణువుల మీదికి ఎసిటిలీన్ వాయువు పంపితే అందులోని కార్బన్ గొట్టాలుగా మొలుచుకొస్తుంది. ఎంత సన్నమంటే నా ఒక్క ఒంట్లోనే అలాంటివి కోట్లున్నాయి. విడిగా చూస్తే ఒక్కో గొట్టం బలానికి ఉక్కు కూడా తల దించుకోవాలి. చిక్కల్లా అవి మరీ పొట్టివి కావడమే. పత్తి పీచుల్లా మెలిపడి ఒకదాన్నొకటి పట్టుకుంటేనే దారమవుతాయి. ఆ పట్టు ఎక్కడ సడలితే అక్కడ నా పని అయిపోయినట్టే.

నన్ను వడికింది యామిని. రాజమండ్రి నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని. ఐదేళ్లుగా ఆమెకు మా గోల తప్ప మరో లోకం లేదు. సెంటీమీటరు ముక్కగా ఉన్నప్పుడు మావాళ్లు నాలుగు కిలోలు అవలీలగా మోసేవారు. మీటరు పొడవయ్యేసరికి రెండు కిలోలకే చేతులెత్తేసేవారు. పొడవు పెరిగేకొద్దీ లోపం దాక్కోవడానికి చోట్లూ పెరుగుతాయి మరి. సెంటీమీటరు దారంతో ఆకాశమెక్కలేమని నిపుణుల సంఘం తేల్చేసింది. మీటరు దారం మూడు కిలోలు మోస్తే సరే, లేదంటే ప్రాజెక్టు మూత, దాంతోపాటే యామిని ఐదేళ్ల చదువూ. రెండు వందల పదకొండు దారాలు తెగాక, సంఘం రావడానికి సరిగ్గా ముందురోజు, నేను పుట్టాను. మరొకటి వడికే వ్యవధి లేదు.

మర్నాడు పొద్దున్నే ఊడ్చి తుడవడానికి వజ్రవ్వ వచ్చింది. వజ్రమూ నేనూ ఒకే కార్బన్ బిడ్డలం కాబట్టి వరసకు నాకు అక్క. సిరిసిల్ల వైపు మనిషి. ఇరవై ఏళ్లు మగ్గాల దగ్గర, పాత పడుగు చివరలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతికింది. నా బల్ల మీద చేతితో తాకరాదని పెద్ద బోర్డుంది. అది ఇంగ్లీషులో ఉంది. పెద్దమనుషులు వస్తున్నారని ఆమె బల్ల కూడా తుడిచింది. గుడ్డ అంచు నాకు తగిలింది, బల్ల పదునైన రేకు అంచుకు ఒరుసుకుని నేను రెండయ్యాను.

తెగిన పోగు కనిపిస్తే ఆమె వేళ్లు ఊరుకోవు. మగ్గం దగ్గరైతే వేళ్లు జారకుండా బూడిద అద్దుకునేది. ఇక్కడా బూడిదకు లోటు లేదు. దసరాకు ఆయుధపూజ చేసింది మొదలు కొలిమి పక్కన అమ్మవారి పటం ఉంది. ఆకాశానికి దారి వేయబోయే ప్రొఫెసర్ విశ్వంభరంగారు ఆ పటానికి అగరుబత్తి వెలిగించనిదే కొలిమి ముట్టించరు. వజ్రవ్వ ఆ బూడిద చిటికెడు తీసుకుంది, నా రెండు కొసలూ జానెడు మేర పక్కపక్కన పెట్టి మెలితిప్పింది. రెండు నిమిషాల పని. అతుకులో జానెడు పోయినా, బిగింపుకని యామిని అదనంగా వదిలిన కొసలుండబట్టి నేను మళ్లీ ఒకటే మీటరు దారాన్ని.

పదకొండు గంటలకు సంఘంవారు వచ్చారు. యామిని నా రెండు కొసలనూ లాగుడు యంత్రం దవడల్లో బిగించింది. బొత్తాం మీద వేలు పెట్టబోతుండగా, టీ పళ్లెంతో గుమ్మంలో నిలబడిన వజ్రవ్వ నోరు విప్పింది.

"ఆగమ్మా. గా దారం పొద్దున నా గుడ్డకు తట్టి తెగింది. నేనే అతికిన. చెప్తె పనిలకెల్లి తీసేస్తరని భయపడ్డ."

ప్రొఫెసరుగారి ముఖంలో నెత్తురుచుక్క లేదు. యామిని కళ్లు నిండిపోయాయి, కానీ ఆమె అరవలేదు.

"ఏం పెట్టి అతికారు వజ్రమ్మగారూ?"

"ఏం పెట్టలే. బూడిదతోని మెలిపెట్టిన, గంతె."

వాయిదా వేద్దామని ప్రొఫెసరుగారు నసిగారు. ఇంకో తేదీ దొరకదని సంఘం పెద్ద చెప్పేశారు. యామిని ఒక్క క్షణం నన్ను చూసి బొత్తాం నొక్కింది.

నాకు భయం వేసింది, దాచడమెందుకు. ఒక కిలో. రెండు కిలోలు. మావాళ్లంతా చేతులెత్తేసిన చోటు దాటాను. వజ్రవ్వ కళ్లు మూసుకుంది. మూడు దాటింది. మూడు కిలోల రెండు వందల గ్రాముల దగ్గర టప్పుమని తెగిపోయాను.

అందరూ అతుకు దగ్గరికి వంగారు. అతుకు చెక్కుచెదరలేదు. నేను తెగింది దానికి రెండు జానల అవతల, ఎవరి చెయ్యీ తగలని, అందరూ భేషన్న చోట. మూడు దాటింది కాబట్టి ప్రాజెక్టు సాగనిమ్మని సంఘం పెద్ద సంతకం చేశారు. యామిని అక్కడే నేల మీద కూర్చుని ఏడ్చింది, నవ్వింది. ఐదేళ్లుగా తెగని దారం కోసం చూశాను తప్ప అతికే దారి ఆలోచించలేదని ప్రొఫెసరుగారితో అంది. ఆ సాయంత్రమే నోటుపుస్తకం తెచ్చుకుని వజ్రవ్వ పక్కన చేరింది. మెలికకు ఎన్ని తిప్పులని అడిగితే వజ్రవ్వ దగ్గర లెక్క లేదు, వేళ్లున్నాయి.

ఇప్పుడు నేను గాజు పెట్టెలో ఉన్నాను, రెండు ముక్కలుగా. రోజూ వజ్రవ్వే అద్దం తుడుస్తుంది, ఇప్పుడు కాస్త జాగ్రత్తగా. లోపలి చీటీలో ఏముందని ఒకరోజు అడిగింది. రెండు వందల పన్నెండో దారం, మూడు కిలోల రెండు వందల గ్రాముల దగ్గర తెగింది అని యామిని చదివి వినిపించింది.

"తెగిందని రాసినవ్, మంచిదే," అంది వజ్రవ్వ. "మరి అతుకు తెగక ఆగిందని ఎవ్వరు రాస్తరు?"

యామిని పెట్టె తెరిచి కింద ఇంకో వరుస రాసింది, ఈసారి తెలుగులో. అతుకు ఆగింది, అతికినవారు చిందం వజ్రవ్వ.

ఆకాశానికి తాడు ఎప్పుడు వేస్తారో నాకు తెలియదు. వేసినా, అంత పొడవులో ఏదో ఒక రోజు ఏదో ఒక పోగు తెగక తప్పదు. ఆ రోజు ఎవరో ఒకరు చిటికెడు బూడిద కొంగున కట్టుకుని ఆ లిఫ్టెక్కాలి.