ఉప్పునీళ్ల ఎలుకలు

చంద్రికది పుంగనూరు. 2008లో కుప్పంలో డాక్టరీ పీజీ చేస్తూ, నొప్పినీ ఒంటి వేడినీ మెదడు ఎలా అదుపు చేస్తుందో ఎలుకల్లో చూస్తోంది. మెదడులోకి మందు బొట్టు ఎక్కించి, తోక మీదికి వేడి లైటు పెట్టి, ఎంతసేపటికి లాక్కుంటుందో చూడాలి. ఒంటి వేడి కొలవాలి. పోలిక కోసం కొన్నిటికి ఉత్త ఉప్పునీళ్లే ఎక్కించాలి.

తంటా అక్కడే వచ్చింది. ఉప్పునీళ్ల ఎలుకలు కూడా ఒళ్లు కాగిపోతూ, తోకలు తీరిగ్గా లాక్కుంటున్నాయి.

"ఉప్పునీళ్లకే నొప్పి పోతాంటే, మందుల షాపులోళ్లంతా యాడికి పోవాలమ్మా?" అన్నాడు గైడు వరదరాజులు. ల్యాబంతా నవ్వింది. చంద్రిక లైటు మార్చింది, థర్మామీటరు మార్చింది. ఎలుకలు మాత్రం మారలేదు.

ఆ ఆదివారం మదనపల్లె నుంచి, పట్టునూలు వ్యాపారం చేసే ప్రదీప్ వాళ్లు ఆమె పెళ్లిచూపులకు పుంగనూరు వచ్చారు. డాక్టర్ల ముందు జంకకుండా మాట్లాడే పిల్లకు, ముగ్గురు కూర్చున్న హాల్లోకి పోవడానికి కాళ్లు రాలేదు. పొగలు కక్కే కాఫీ గ్లాసును ఒట్టి చేత్తో పట్టుకొచ్చి ప్రదీప్ తల్లికిచ్చింది.

"అబ్బా!" ఆమె గ్లాసు టక్కున కింద పెట్టేసి వేళ్లు ఊదుకుంది. "ఇంత కాల్తాంటే ఎట్ట పట్టుకోనొస్తివమ్మా?"

చంద్రిక తన చెయ్యి చూసుకుంది. ఎర్రగా కందిపోయింది. మంట ఇప్పుడిప్పుడే తెలుస్తోంది. మేనత్త సరస్వతమ్మ ఆమె మెడ మీద చెయ్యేసి, "ఒళ్లు కాల్తాండాది, జరమా ఏంది?" అంది.

చంద్రిక పకపకా నవ్వేసింది. "జరం కాదత్తా, భయం! నా ఎలకలకూ ఇదే. నన్ను సూస్తేనే భయం వాటికి!"

సంబంధం చెడిందనుకుని తండ్రి మునిస్వామి ఫ్యానుకేసి చూశాడు.

"భయపడితే నొప్పి తెలీదా అండీ?" అడిగాడు ప్రదీప్.

"ప్రాణం మీదికొస్తే పారిపోవాల కదా, ఏడుస్తా కూర్చుంటే ఎట్ట? మెదడే నొప్పిని అణిచేసి, ఒంట్లో వేడి పెంచుతాది."

"అందుకేనేమో, నేను రెండు మిరపకాయ బజ్జీలు కారం తెలీకుండా తినేసినా."

ముందుగా నవ్వింది వాళ్లమ్మే.

కుప్పం తిరిగొచ్చాక చంద్రిక కొన్నాళ్లు లైటు జోలికి పోలేదు. రోజూ ఎలుకలను ఒళ్లో పెట్టుకుని నిమిరింది, శనగలు తినిపించింది, పుంగనూరు కబుర్లు చెప్పింది. ఆమె చేతిలో అవి కునుకు తీయడం మొదలుపెట్టాకే మళ్లీ కొలిచింది. ఉప్పునీళ్ల ఎలుకల వేడి దిగింది, తోకలు చటుక్కున కదిలాయి. మందు ఎక్కినవే నిదానించాయి.

పాత లెక్కలన్నీ పారేసి మొదటినుంచి చెయ్యమన్నాడు గైడు. కుదిరిన పెళ్లి ముహూర్తాన్ని వెనక్కి జరపమని ఆమె ప్రదీప్‌కు ఫోన్ చేసింది.

"సరేగానీ, మీ ఎలకలకు ఆదివారం సెలవుంటాదా? ఒకసారి వస్తాను."

"ఉండదు. వచ్చి మీరూ ఒకదాన్ని పట్టుకోండి."

వచ్చాడు. కొత్త చెయ్యి తగిలితే ఎలుక భయంతో ఉచ్చ పోస్తుందని ఏం తెలుసు, తెల్లచొక్కా వేసుకుని.