కలెక్టరు కదలని ఎనిమిది నిమిషాలు

ఆ రోజు ఇంట్లో ఉన్నది పెరుమాయవ్వ, ఆమె చిన్నకొడుకు కదిరవన్, పెద్దకోడలు ధనం, బెంగుళూరు నుంచి వచ్చిన శాలిని మేడం, ప్లాస్టిక్ పైపులో ఒక పావురం. మేడం కాగితం మీద రాసుకోవడానికి అడిగితే కదిరవన్ చెప్పిన లెక్క అది. వంటింటి గడప దగ్గర నిలబడ్డ ధనం కూతురు వెన్నిల అందులోకి రాలేదు. వెన్నిలకూ అదే నయం. లెక్కలోకి వస్తే జవాబులు చెప్పాలి.

పావురం పేరు కలెక్టరు. తమిళనాడు పెన్నాగరంలో జరిగే పావురాల ఎగురుడు పందేల్లో రెండుసార్లు గెలిచింది. మేడం చదువంతా పక్షుల బుర్ర మీద. మత్తిచ్చి స్కాన్ తీస్తే పక్షితో పాటు దాని ఆలోచనా నిద్రపోతుందట. అందుకని మెలకువగానే ఉండి, మిషను హోరుకు బెదరకుండా ఎనిమిది నిమిషాలు కదలకుండా కూర్చునే పావురం కావాలి. దొరికితే దాన్నీ, మచ్చిక చేసిన మనిషినీ బెంగుళూరు తీసుకుపోతుంది. ఆ మనిషి గొంతు వింటే దాని మెదడులో ఏ మూల మేలుకుంటుందో తెరమీద చూస్తుంది. నెల కిందట వచ్చి పైపు, మిషను చప్పుడు నింపిన చిన్న స్పీకరు ఇచ్చి, అలవాటు చేయమని చెప్పి పోయింది.

కదిరవన్ మూడు రోజులు అలవాటు చేశాడు. నాలుగో రోజు సెంట్రింగ్ పని దొరికింది.

మిగిలిన రోజులన్నీ వెన్నిలవే. ఆడపిల్ల చెయ్యి తగిలితే పందెం పావురం దారి తప్పుతుందని ఆ ఇంటి నమ్మకం. గూటి వైపు కూడా పోనివ్వరు. అందుకే సెలవుల్లో అందరూ పనికి పోయాక, కలెక్టరును పైపులో పెట్టి, స్పీకరు నొక్కి, ముందు కూర్చుని తన డైరీ చదివేది. చదివింది తమిళ బడిలో, తెలుగు అక్షరాలు రావు కాబట్టి తెలుగు మాటల్నే తమిళ అక్షరాల్లో రాసుకున్న డైరీ. మనిషన్నవాడికి ఎవరికీ వినిపించనిది. కలెక్టరు కళ్లు తెరుచుకుని, పేజీ అయ్యేదాకా వినేది. తన మాట వింటే ఒక బుర్రలో ఏదో వెలుగుతుందంటే, దాన్ని ఒక్కసారి తెరమీద చూడాలని వెన్నిల ఆశ.

"నా గొంతు వింటే రాయి మాదిరి కూసుంటుంది మేడం," అని కదిరవన్ స్పీకరు నొక్కాడు. కలెక్టరు పైపు బద్దలయ్యేలా రెక్కలు కొట్టుకుంది.

"ఏమిరా, నీ రాయి ఎగరతా ఉండాది!" అంది అవ్వ.

"కొత్తోళ్లను చూసి సిగ్గుపడతా ఉందిమా."

"సిగ్గు ఈ ఇంట్లో మా వెన్నిల ఒకదానికే అనుకొంటిని," అంది ధనం.

రెండోసారీ అంతే. మేడం వాచీ చూసుకుంది. "ఇంకొక్కసారి చూద్దాం. కుదరకపోతే బొమ్మిడిలో ఒకాయన పావురం ఉందట."

మూడోసారి స్పీకరు హోరెత్తగానే వెన్నిల తలుపు చాటుకు జరిగి, డైరీ తెరిచి మెల్లగా చదివింది.

"ఈ పొద్దు సంగటి మాడింది. నేనే మాడ్చినానని అమ్మ అనింది. మాడ్చింది అవ్వ. నేను ఏమీ అనలేదు."

కలెక్టరు రెక్కలు ముడిచింది. ఒక నిమిషం. రెండు. మూడు.

"చూసినారా!" అని కదిరవన్ గుసగుసలాడాడు. అంతవరకూ అతను నోరు తెరవలేదు. మేడం మాత్రం కాగితం మీద రాసుకుంది: యజమాని దగ్గరుంటే చాలు, శాంతిస్తుంది.

"ఎవురే ఆ గొణిగేది?" అంది అవ్వ.

ఏడో నిమిషంలో పేజీ అయిపోయింది. చెబితే గూడు తాకిన సంగతి బయటపడుతుంది. ఈ ఏడాది దారి తప్పిన రెండు పావురాల నిందా తన నెత్తికే వస్తుంది. చెప్పకపోతే బెంగుళూరు పోయేది చిన్నాయన. వెన్నిల గడప మీదికి వచ్చింది.

"మేడం... అది వినేది నా..."

మేడం మొదటిసారి ఆమె వైపు చూసి, పెదవి మీద వేలుంచి, ఎంతో ప్రేమగా నవ్వింది. "పాపా, అది ఏం ఆలోచిస్తుందో తెలుసుకునే పని ఇది. ఎవరూ మాట్లాడకూడదు."

ఇంకా ఒక నిమిషం మిగిలి ఉంది. మేడం లేచి, కలెక్టరు బెదరకుండా, చప్పుడు కాకుండా వెన్నిల ముఖం మీద తలుపు మూసింది.