కొండ మీది నేల

హుక్సాన్ దీవిలో చేపలు ఎండబెట్టి అమ్ముకునే విధవరాలు సున్యే, రేవు పైన కొండ మీదున్న తన నేలంతా చర్చికి రాసిస్తానంది. అక్కడ హోటల్ కట్టాలని పదేళ్లుగా కాచుకున్న పడవల యజమాని మెంగ్ దొక్సు ముఖం మాడిపోయింది. ఆమెకు కావలసిందీ అదే. తుఫానులో మునిగిపోతున్న ఆమె భర్తను చూసి కూడా పడవ తిప్పుకుపోయినవాడు అతనే. ఆ సంగతి అతని పడవలోని కళాసీ చనిపోతూ ఆమెకు చెప్పాడు.

చర్చి ఫాదర్ ఆమె తెచ్చిన దానపు కాగితం ముట్టుకోలేదు.

"ఇది దేవుడికిస్తున్నావా అమ్మా, దొక్సు మీదికి విసురుతున్నావా? ముందు అతనితో సమాధానపడి రా."

"సరే ఫాదర్. క్షమిస్తాను. అందరి ముందే క్షమిస్తాను."

ఆదివారం దివ్యపూజ అయ్యాక ఆమె చర్చి మెట్ల మీద దొక్సుకి అడ్డంగా నిలబడింది.

"మెంగన్నా! నా మొగుడు నీళ్లలోంచి చెయ్యెత్తి పిలుస్తుంటే పడవ తిప్పుకుపోయావే, దాన్ని క్షమించేశాను."

జనం ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

"నోర్ముయ్! ఎవరు చూశారే?"

"నీ కళాసీ చూశాడు. చచ్చిపోయేముందు చెప్పాడు. వాణ్ణీ క్షమించాను."

దొక్సు భార్య అతని చెయ్యి వదిలేసి ఒక్కతే మెట్లు దిగిపోయింది. ఆ వారంలోనే అతని పడవలెక్కే మనిషి లేకుండా పోయాడు.

సున్యే మళ్లీ కాగితం తెచ్చింది.

"మనసు చల్లబడిందా?" అన్నారు ఫాదర్.

"లేదు ఫాదర్, ఇంకా మండుతూనే ఉంది. అబద్ధమెందుకు? కానీ నేల తీసుకోండి. నా పాపం నాది, నేల దేవుడిది."

ఈసారి ఫాదర్ కాగితం అందుకున్నారు.