దడి పక్కన నాటిన పశువుల దుంపలు

నా కూతురు నస్తూసియా జ్ఞానస్నానం రోజు పసిదాన్ని జ్ఞానతల్లిగా చేతుల్లోకి తీసుకున్నది పక్కింటి ఒదార్కే. ఆనాటి నుంచి మేమిద్దరం, కన్నతల్లీ జ్ఞానతల్లీ పిలుచుకునే వరసలో, ఒకరినొకరం 'కుమా' అనే పిలుచుకున్నాం. మా పెరళ్ళ మధ్య నడుమెత్తు అల్లిక దడి తప్ప ఏమీ లేదు.

ఒదార్కకు పిల్లల్లేరు. మొగుడు యుద్ధానికి వెళ్ళి మళ్ళీ రాలేదు. ఆమెకు మిగిలిందల్లా ఆ పెరడు, అందులో నాలుగు వరుసల బీట్‌రూట్. ఆ దుంప కోస్తే లోపల దాదాపు నలుపు, తెల్ల చార ఒక్కటీ కనిపించేది కాదు. దానితో కాచిన బోర్ష్ పులుసు గిన్నెలో మీగడ వేసినా రంగు విరిగేది కాదు. నేను సంతలో కొన్న విత్తనం వేసేదాన్ని. నా దుంపల్లో తెల్లటి చుట్లు ఉండేవి, నా బోర్ష్ వెలిసిన రవికెలా ఉండేది. విత్తనం అడిగితే ఆమె ఇచ్చేదే. కానీ అడిగితే ఆమెదే గొప్పని నా నోటితో నేను ఒప్పుకున్నట్టు కాదూ!

నస్తూసియాకు పంతొమ్మిదేళ్ళప్పుడు, మంచు కరిగే రోజుల్లో పెళ్ళి ఖాయమైంది. భోజనాల దగ్గర అది స్పూను తిప్పుతూ అంది:

"అమ్మా, పెళ్ళికి బోర్ష్ మాత్రం ఒదార్కమ్మ చేత కాయిద్దామే."

"నాదానికేం వచ్చింది?"

"బాగానే ఉంటుందిలే. కానీ అత్తారు చూస్తారు కదా. రంగు..."

మా ఆయన పనాస్ గిన్నెలోంచి తలెత్తకుండానే నవ్వాడు. నేను "అలాగే" అన్నాను. నాకు మొగుడున్నాడు, కూతురుంది. ఏమీ లేని ఆమెను చూసి నా కడుపు మండడమేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను. మంట మాత్రం ఆగలేదు.

నేను పాలు పితికే సమష్టి వ్యవసాయ క్షేత్రం కొట్టంలో ఆవులకు వేసే మేత దుంపలు గుట్టగా పడి ఉండేవి. శీతాకాలం గట్టెక్కిన దుంపను మళ్ళీ నాటితే కాండం లేచి పూస్తుందని, ఆ పుప్పొడి గాలికి పోయి పక్క బీట్‌రూట్ విత్తనాన్ని చెడగొడుతుందని మా వైపు ఎవరికైనా తెలుసు. ఒదార్క కూడా ఏటా ఆరు మంచి దుంపలను ఇసుకలో దాచి, వసంతంలో విత్తనానికి నాటేది. నేను మూడు పశువుల దుంపలు కొంగులో దాచి తెచ్చాను. దడి వారన, పొద్దుతిరుగుడు వరుస వెనక నాటాను. గాలి మా వైపు నుంచే ఆమె పెరట్లోకి వీస్తుంది. పూత అయ్యాక వాటిని పీకి మేకకు వేసేశాను. ఎవరూ చూడలేదు.

పంటలు ఇంటికొచ్చాక పెళ్ళయింది. ఆ ఏటి దుంపలు పాత విత్తనంవి, ఎప్పటిలాగే నల్లగా ఊరాయి. ఒదార్క మూడు కాగుల బోర్ష్ కాచింది. పెళ్ళికొడుకు మేనమామ గ్లాసెత్తి, "పెళ్ళికూతురి తల్లి ఎవరో గానీ, ఈ వంట చేసిన చేతులకు దండం!" అన్నాడు. అందరూ నవ్వారు. వచ్చే ఏడు చూద్దువుగానీ అనుకుంటూ నేనూ నవ్వాను.

అప్పుడే ఒదార్క ఒక నారగుడ్డ సంచీ తెచ్చి నస్తూసియా చేతిలో పెట్టింది. "ఈ ఏటి విత్తనం, తల్లీ. నీ పెరట్లో వేసుకో."

అడ్డుపడాల్సింది. ఆ సంచీ లాక్కుని పొయ్యిలో వేయాల్సింది. ఖాళీ గిన్నెలు ఎత్తుకుని లోపలికెళ్ళిపోయాను.

మరుసటి ఆగస్టులో నస్తూసియా ఏడ్చిన కళ్ళతో ఇంటికొచ్చింది. అత్తగారు హీమ్కా దుంప కోసి వీధిలో అందరికీ చూపించిందట. "పందులకు పెట్టేది కోడలికి సారె కట్టి పంపారమ్మా!" అందట.

"ఒదార్కమ్మ నాకు చెత్త అంటగట్టింది. ఇక ఆవిడ గడప తొక్కను," అంది నా కూతురు, నా ఒళ్ళో తల పెట్టుకుని.

నిజం చెబుతున్నాను, ఆ సాయంత్రం నాకు తీయగా అనిపించింది. అది నా ఒళ్ళోనే ఏడుస్తోంది, నా కూతురు నాకే మిగిలింది.

తెల్లారి దడి మీదుగా చూశాను. ఒదార్క వరుసల మధ్య నేల మీద చతికిలబడి ఉంది. ఒక్కో దుంప పీకడం, కోయడం, పక్కన పెట్టడం. ఎక్కువ భాగం పాలిపోయిన గులాబీ రంగు, కొన్ని పూర్తిగా తెలుపు. నన్ను చూసి రెండు చేతులూ చాపింది.

"నా చేయి చెడిపోయింది కుమా. మా అమ్మ దగ్గర నుంచి వచ్చిన విత్తనం. నేనేం పాపం చేశానో!"

ఆ చేతుల్ని నేను చూడలేకపోయాను. "నీ చేయి కాదు, నాది," అన్నాను. పొద్దుతిరుగుడు వెనక నాటిన దగ్గర్నుంచి మేకకు వేసేదాకా అంతా చెప్పాను.

ఆమె లేచి, పావడాకు అంటిన మట్టి దులుపుకుని, లోపలికెళ్ళి గడియ పెట్టుకుంది.

మర్నాడు నేను ఏడు మైళ్ళు నడిచి నస్తూసియా ఊరెళ్ళాను. హీమ్కా ఎదుటే అంతా చెప్పాను. నా కూతురు ఒక్కటే అడిగింది: "నా పెళ్ళి రోజు ఆ సంచీ ఇచ్చేటప్పుడే నీకు తెలుసా?" తెలుసన్నాను. అది నన్ను గుమ్మం దాకా కూడా సాగనంపలేదు. చలికాలం అంతా మా ఇంటికి రాలేదు.

నేను నిజం చెప్పిన తొమ్మిదో రోజున ఒదార్క దడి దగ్గరకొచ్చింది. చేతిలో రెండు కత్తులున్నాయి.

"ఏం చూస్తావ్? రా. తోక దగ్గర చిన్న ముక్క కోసి చూడు. నలుపు ఉన్నది ఇసుకలోకి, మిగతాది నీ మేకకి."

"కుమా, నన్ను..."

"నోరు మూసుకుని కొయ్యి."

బుట్టకు నాలుగు దొరికాయి, అంతే. మరుసటి పంటలో బుట్టకు సగం. నాలుగో పంటకు గానీ చారలు పూర్తిగా పోలేదు. ఆ ఆదివారాలన్నీ ఆమె పెరట్లోనే గడిపాను, వేళ్ళు వారాల తరబడి ఎర్రగానే ఉండేవి. జరిగిందాన్ని ఒదార్క వీధిలో ఒక్కరికీ చెప్పలేదు. అదీ నాకు గుచ్చుకునేది. కోప్పడ్డంలో కూడా ఆమె నాకంటే మెరుగ్గా ఉండాలా అనిపించేది.

నస్తూసియా మెల్లగా రాకపోకలు మొదలుపెట్టింది. వచ్చినప్పుడు ముందు ఒదార్క గుమ్మం ఎక్కుతుంది, తర్వాత మాది. ఇప్పుడు నా పెరట్లోనూ అదే విత్తనం. నా బోర్ష్‌కూ ముదురు ఎరుపు దిగుతుంది. తిన్నవాళ్ళు పెదాలు తుడుచుకుంటూ, "ఒదార్క దుంపలే కదూ?" అంటారు.

అవునంటాను. అన్నాక కాసేపు గిన్నెలు గట్టిగా తోముతాను.