పిడుగుకత్తి ఎవరికిచ్చావమ్మా

'వజ్రదుర్గ్' ఆట రెండో భాగం శుక్రవారం విడుదలైంది. శనివారం కృష్ణచైతన్య సెలవు పెట్టాడు. మూలపేట పోర్టు పనుల్లో సర్వేయర్‌గా చేరాక జ్వరమొచ్చినా సెలవు పెట్టని మనిషి, ఈ ఆట కోసం పెట్టాడు. పలాస నుంచి అతని స్నేహితుడు జాయ్ పొద్దున్నే బస్సెక్కి టెక్కలి వచ్చేశాడు. వస్తూ వస్తూ వేయించిన జీడిపప్పు పొట్లం తెచ్చాడు. ఇద్దరూ టీవీ ముందు చాప పరుచుకుని కూర్చున్నారు.

ఈ రెండో భాగంలో ఒక ప్రత్యేకత ఉంది. మొదటి భాగంలో ఎక్కడిదాకా ఆడి దాచుకున్నామో, ఆ వీరుణ్ణి అలాగే ఇందులోకి తెచ్చుకోవచ్చు. అప్పుడు సంపాదించిన కత్తులూ కవచాలూ వాడితోనే వస్తాయి. అప్పుడు చేసిన మంచిచెడ్డలూ వస్తాయి. ఎవరిని కాపాడాడో, ఎవరిని ముంచాడో ఆ లోకం మొత్తం గుర్తుపెట్టుకుంటుంది.

"పిడుగుకత్తి సూత్తే మొదటి ఊళ్ళోనే అందరూ దండాలెట్టాల మావా," అన్నాడు జాయ్.

కృష్ణచైతన్య మీసం సవరించుకున్నాడు. మొదటి భాగంలో ఆ కత్తి సంపాదించడానికి అతను ఒక వానాకాలమంతా కష్టపడ్డాడు. సైటులో దాని గురించి వినని మనిషి లేడు.

పాత ఆటను తెచ్చుకుంటావా అని తెర అడిగింది. తెచ్చుకుంటానన్నాడు. కాసేపు ఒక చక్రం తిరిగింది. తర్వాత వీరుడు ప్రత్యక్షమయ్యాడు. తలమీద గడ్డి టోపీ, చేతిలో పిల్లనగ్రోవి, పక్కన ఒక తెల్లమేక.

జాయ్ నమలడం ఆపేశాడు. "ఇదేటి మావా, మేకలు కాసుకునీవోడిలాగున్నాడు?"

కృష్ణచైతన్య వివరాలు తెరిచాడు. పిడుగుకత్తిని గుడ్డి ముసలమ్మకు దానం చేశాడట. బంగారు కవచం ఇచ్చి మేకను తీసుకున్నాడట. పట్టుబడిన బందిపోటు భైరోను క్షమించి వదిలేశాడట. ఇవన్నీ వేసవిలో మధ్యాహ్నాలు జరిగాయి. ఆ మధ్యాహ్నాల్లో తను సైటులో ఎండకు మాడుతున్నాడు. మరి ఇంట్లో ఉన్నదెవరు?

వంటింట్లో ఉప్మా కలుపుతున్న చప్పుడు ఆగిపోయింది.

వేసవిలో వాళ్ళమ్మ మహాలక్ష్మమ్మ మెట్టు మీంచి జారిపడితే కాలికి కట్టు వేశారు. మంచం మీద ఏమీ తోచక గింజుకుంటుంటే, కృష్ణచైతన్యే ఆమె చేతికి ఆట రిమోట్ ఇచ్చి, వీరుణ్ణి పచ్చిక బయళ్ళలో నడిపించడం నేర్పాడు. "ఊరికే తిప్పు, పువ్వులు కోసుకో, ఎవల్తోనూ మాటాడకు," అని మరీమరీ చెప్పాడు. ఎవరితోనూ మాట్లాడకుండా ఆమె తన జీవితంలో ఒక పూట గడిపింది లేదు. ఆ సంగతి అతనికి అప్పుడు తట్టలేదు.

"అమ్మా! పిడుగుకత్తి ఎవలికిచ్చేసినావు?"

మహాలక్ష్మమ్మ గరిటెతో సహా గుమ్మంలోకి వచ్చింది. కొడుకు మొహం చూడలేదు, టీవీ చూసింది. మొహం విప్పారింది.

"ఓలమ్మా, మేక కూడా వచ్చిందేటి! ఇందూ, బేగి రావే, మన మేక వచ్చింది!"

వంటింట్లోంచి ఇందు పరుగున వచ్చింది. ఇందు అతని మేనమామ కూతురు, పక్క వీధిలో ఉంటుంది, డిగ్రీ చదువుతోంది. ఆటలో మాటలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. మరి అమ్మకి అవన్నీ ఎలా అర్థమయ్యాయన్న అనుమానం కృష్ణచైతన్యకి అప్పటికప్పుడే తీరిపోయింది.

"నువ్వా సదివి సెప్పింది?"

"అత్త సెప్పమంది బావా. నాకేటి తెలుసు నువ్వింతలా ఏడుత్తావని?"

"ఏడవడం లేదు! అమ్మా, ఆ కత్తి కోసం ఎంత కట్టపడ్డానో తెలుసా?"

"కళ్ళు లేని ముసిల్ది. ఇంటి మీదకి తోడేళ్ళొత్తన్నాయి బాబూ అని అడిగింది. ఇచ్చీసినాను."

"అది బొమ్మమ్మా!"

"బొమ్మైతే నీకెందుకురా ఇంత బాధ?" అని మహాలక్ష్మమ్మ ఉప్మా మాడుతోందని లోపలికి వెళ్ళిపోయింది.

జాయ్ నవ్వాపుకుని ఒక ఉపాయం చెప్పాడు. వేరేవాళ్ళు ఆడి దాచిన ఆటలు నెట్‌లో దొరుకుతాయి. అన్ని ఆయుధాలూ ఉన్నది ఒకటి దించుకుంటే సరి. కృష్ణచైతన్య దించుకున్నాడు. ఈసారి వచ్చిన వీరుడు ఎర్రగడ్డం వాడు. నడుముకు పిడుగుకత్తి, ఒంటినిండా బంగారం. ఊళ్ళోకి అడుగుపెట్టగానే జాయ్ చెప్పినట్టే అందరూ దండాలు పెట్టారు. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు. ఇంతలో బావి దగ్గరున్న ఒక ఆడమనిషి గబగబా వచ్చి వీరుడి చెంప ఛెళ్ళుమనిపించింది.

ఉప్మా పళ్ళాలు పట్టుకొస్తున్న మహాలక్ష్మమ్మ ఆగిపోయింది. "ఎందుకు కొట్టింది?"

"నాకేటి తెలుసు? ఈడు ఎవడో ఆడిన ఆట. మొదటి భాగంలో ఏదో సేసుంటాడు."

"ఎవడో సేసిన యెదవ పనికి నువ్వు సెంపదెబ్బ తినడవేటిరా?"

కృష్ణచైతన్య ఎర్రగడ్డం వాణ్ణి చూస్తూ ఉండిపోయాడు. వాడి కత్తి బాగానే ఉంది. కానీ వాడి భార్య ఎవరో, శత్రువెవరో, వాడు ఏ ఊరికి ఏ మాట ఇచ్చాడో ఒక్కటీ తెలియదు. ఊరు కాని ఊళ్ళో, పేరు తెలియని వాళ్ళ పెళ్ళికి వెళ్ళి పంక్తిలో కూర్చున్నట్టుంది. ఉప్మా తినడం అయ్యాక ఎర్రగడ్డం వాణ్ణి తీసేసి, మేక ఉన్నవాణ్ణి తెచ్చుకున్నాడు. మహాలక్ష్మమ్మ, ఇందు కూడా చాప మీదకు చేరారు.

గడ్డి టోపీ వీరుడు ఓడరేవు పట్నం చేరాడు. రేవు అధికారి ఎదురొచ్చి కావలించుకున్నాడు. చూస్తే, అతనే భైరో.

"సూసినావా! మనం వదిలీసినోడు ఎంతోడయిపోయినాడో!" అని మహాలక్ష్మమ్మ చప్పట్లు కొట్టింది.

భైరో వీరుడికి కడుపునిండా భోజనం పెట్టించాడు. తర్వాత నెమ్మదిగా ఏదో అన్నాడు. ఇందు చదవడం మొదలుపెట్టి మధ్యలో ఆపేసింది.

"సదువే," అంది మహాలక్ష్మమ్మ.

"నేను ఒకప్పుడు దొంగనని ఈ పట్నంలో తెలిసినోడివి నువ్వొక్కడివే, అందుకని... అత్తా, కొట్లో పెట్టించేత్తన్నాడు."

భటులు వచ్చి వీరుణ్ణి చెరసాలలో పడేశారు. మేకను మాత్రం బయట కట్టేశారు.

"దొంగ సచ్చినోడు!" మహాలక్ష్మమ్మ మోకాళ్ళ మీద లేచింది. "అప్పుడు కాళ్ళట్టుకుని ఎంత ఏడిసినాడే! ముగ్గురు పిల్లలు, జబ్బు పెళ్ళాం అన్నాడు కదే!"

ఇందు జీడిపప్పు పొట్లంలోకి తల దించుకుంది. "జబ్బు పెళ్ళాం నేను కలిపినానత్తా. నువ్వు తటపటాయిత్తన్నావని."

జాయ్ చాప మీద పడి దొర్లాడు. కృష్ణచైతన్య నవ్వకూడదనుకున్నాడు గానీ నవ్వేశాడు. మహాలక్ష్మమ్మ ఇందు వీపు మీద ఒకటి వేసింది.

చెరసాల గోడ అప్పుడే బద్దలైంది. పొగలోంచి ఒక అమ్మాయి దూకింది. ఆమె చేతిలో నీలంగా మెరుస్తున్నది పిడుగుకత్తి. పేరు తారిణి, ఆ గుడ్డి ముసలమ్మ మనవరాలు. తోడేళ్ళను తరిమిన కత్తితోనే ఇప్పుడు భైరో మీద తిరగబడిన జనానికి ముందు నడుస్తోంది. కాపలావాళ్ళను ఆమె కొట్టిన తీరు చూసి కృష్ణచైతన్య నోరు తెరిచాడు. తన చేతిలో ఆ కత్తి ఏనాడూ అలా తిరగలేదు.

తారిణి వీరుడి సంకెళ్ళు తెంచింది. తెర మీద ప్రశ్న వచ్చింది: కత్తి తిరిగి ఇమ్మని అడుగుతావా, ఆమె దగ్గరే ఉండనిస్తావా?

"నీ కత్తి, నీ ఇట్టం," అంది మహాలక్ష్మమ్మ, ఎటో చూస్తూ.

కృష్ణచైతన్య అడిగేశాడు. తారిణి వెంటనే కత్తి ఇచ్చేసి, ఉత్త చేతులతో పక్కకు తప్పుకుంది. ఆమె వెనక వచ్చిన జనమంతా వీరుడి వైపు అదోలా చూశారు. చాప మీద కూడా అదే చూపు. జాయ్ కూడా అలాగే చూశాడు.

"పళ్ళాలు కడగాల," అని మహాలక్ష్మమ్మ లేచింది.

ఆమె అటు వెళ్ళగానే కృష్ణచైతన్య చటుక్కున ఆట ఆపి, ఇంతకుముందు దాచుకున్న చోటి నుంచి మళ్ళీ మొదలుపెట్టాడు. గోడ మళ్ళీ బద్దలైంది, తారిణి మళ్ళీ దూకింది, ప్రశ్న మళ్ళీ వచ్చింది. ఈసారి ఉంచుకోమన్నాడు. ఆమె నవ్వింది. చేతులు తుడుచుకుంటూ తిరిగొచ్చిన మహాలక్ష్మమ్మ తెర చూసి అదిరిపడింది.

"కత్తి మళ్ళీ దాని సేతికెలాగెల్లింది?"

"ఎనక్కెల్లి మార్సీసినానమ్మా. ఆటలో అలాగ ఎనక్కెల్లొచ్చు."

"ఏదైనా మార్సుకోవచ్చేటి? భైరోగాణ్ణి వదిలిన కాడికి కూడా ఎల్లొచ్చా?"

"ఎల్లొచ్చు. మొదటి భాగం తెరిసి, ఆణ్ణి వదలకుండా ఉంటే సరి. మళ్ళీ రెండో భాగానికి ఆ ఆటే తెచ్చుకుందాం. తెరవమంటావా?"

మహాలక్ష్మమ్మ మళ్ళీ చాప మీద కూర్చుంది.

"వద్దులే. పెళ్ళానికి జబ్బు లేకపోతే లేదు గానీ, ఏడవడమైతే ఏడిసినాడు కదా. ఆ ఏడుపు సూసి మళ్ళీ వదిలీకుండా ఉండనేను. ఇప్పుడు పట్టుకుని తందాం."

ఆ రోజు జాయ్ ఆఖరి బస్సులో పలాస వెళ్ళాడు. భైరో మాత్రం దొరకలేదు.

తర్వాత కృష్ణచైతన్య ఆ రెండో భాగంలోనే అమ్మకు విడిగా ఒక ఆట తెరిచి ఇచ్చాడు. అతను సైటుకు వెళ్ళాక ఆమె ఆడుకుంటుంది, ఇందు కాలేజీ నుంచి రాగానే తోడు కూర్చుంటుంది. అతని వీరుడు మూడో కోట దాటాడు. ఆమె వీరుడు ఇంకా మొదటి ఊళ్ళోనే ఉన్నాడు. అక్కడ ఆమెకు తెలియని గడప లేదు.

ఒక మధ్యాహ్నం మూలపేటలో సముద్రం గాలికి స్టాండు మీద సర్వే పరికరం నిలవక కృష్ణచైతన్య అవస్థ పడుతుంటే ఫోన్ మోగింది. అవతల మహాలక్ష్మమ్మ రొప్పుతోంది.

"ఒరే, ఇక్కడ అన్నదమ్ములిద్దరూ గొడ్డళ్ళట్టుకుని కొట్టుకుంటన్నారు! ఎవల పక్కనుండాలో బేగి సెప్పు!"

మొదటి ఊళ్ళో ఆ అన్నదమ్ముల పొలం తగాదాను కృష్ణచైతన్య వీరుడు ఎప్పుడో తీర్చి వచ్చాడు. "ఎవల పక్కనా ఉండకమ్మా. ముందు గొడ్డళ్ళు కింద పెట్టమను. పెద్దోడికి ఆ పొలం ఇచ్చీమని సెప్పు."

ఫోన్ పెట్టి తిరిగేసరికి సైట్ ఇంజనీరు వైకుంఠరావు గారు వెనకే నిలబడి ఉన్నారు. పెద్దాయన మొహంలో నెత్తురుచుక్క లేదు.

"ఏటయ్యా, ఇంటికాడ గొడ్డళ్ళ దాకా వచ్చిందా? ఇక్కడేటి సేత్తన్నావు? బండి తీసుకుని బేగెల్లు!"

"అది కాదు సార్..."

"నువ్వేటీ సెప్పొద్దు. మాదీ ఉమ్మడి కుటుంబమే. నాకు తెల్దా? ఎల్లెల్లు."

కృష్ణచైతన్య ఒక్క క్షణం తటపటాయించాడు. తర్వాత పరికరం పెట్టెలో సర్ది, హెల్మెట్ తలకు పెట్టుకుని, టెక్కలి వైపు బండి తిప్పాడు.